వారమువారము ధర్మశాస్త్ర పఠనము: అందలి యానందము

గ్రంథపఠనము రెండు తెఱగులు. పరీక్ష కొఱకు చదువునది యొకటి. బ్రదుకు కొఱకు చదువునది మఱియొకటి. మొదటిది పరీక్ష ముగిసిన దినముననే ముగియును. మార్చి నెలలో కంఠస్థమైయున్న పద్యము జూను నెలలో నోటికి రాకుండుట మన పాఠశాలలో ఎల్లరును ఎఱిగినదే. రెండవ తెఱగు పఠనమునకు ముగింపు లేదు. దానికి మిక్కిలి పురాతనమైన దృష్టాంతము యూదుల వారపు ధర్మశాస్త్ర పఠనము. వారు సుమారు రెండువేల యేండ్లనుండి ఒక్క గ్రంథమునే వారమువారము సభలో బిగ్గఱగా చదువుచు వచ్చుచున్నారు. ముగించిన దినముననే మరల మొదలుపెట్టుదురు. విసుగు పుట్టింపవలసిన యీ పని వారికి ఆనందమును ఎట్లు పుట్టించుచున్నది? ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటయే యీ వ్యాసమునకు ఉద్దేశము. ఆ యుత్తరము మన విద్యార్థులకును, బడి విడిచిపోయిన పూర్వవిద్యార్థులకును అక్కఱకు వచ్చును.

తోరా యను హెబ్రీ మాటకు ఉపదేశమని యర్థము. ఆదికాండము, నిర్గమకాండము, లేవీయకాండము, సంఖ్యాకాండము, ద్వితీయోపదేశకాండము అను నైదింటికిని కలిపి ఆ పేరు చెల్లుచున్నది. మన తెలుగు బైబిలులో దీనికే ధర్మశాస్త్రమని పేరు. యూదులు దీనిని 54 భాగములుగా విభజించిరి. ఆదికాండమున 12, నిర్గమకాండమున 11, లేవీయకాండమున 10, సంఖ్యాకాండమున 10, ద్వితీయోపదేశకాండమున 11 భాగములు కలవు. ప్రతి భాగమునకును దాని మొదటి మాటలలోని యొక ముఖ్యపదమే పేరు. జలప్రళయపు కథ గల భాగమునకు 'నోవహు' అనియు, అబ్రాహాము స్వదేశము విడిచిపోవు భాగమునకు, బయలుదేరుమను అర్థము గల 'లేఖ్ లెఖా' అనియు పేళ్లు. అన్నిటికంటె పెద్దది 176 వచనములు గల 'నాసో'. అన్నిటికంటె చిన్నది 30 వచనములు గల 'వయ్యేలెఖ్'.

యూదుల సంవత్సరము మన సంవత్సరమువలెనే చంద్రుని బట్టి నెలలను, సూర్యుని బట్టి ఋతువులను సరిచూచుకొనును. మనకు అధికమాసము వచ్చునట్లు వారికిని 19 యేండ్లలో 7 మాఱులు అధికమాసము వచ్చును. ఆ యేడు వారములు హెచ్చుగా నుండును గనుక భాగములను చాలవఱకు విడివిడిగా చదువుదురు. తక్కిన యేండ్లలో కొన్నిటిని రెండేసి చొప్పున కలిపి చదువుదురు. ప్రాచీనకాలమున పాలస్తీనా దేశపు యూదులు ఈ గ్రంథమును సుమారు మూడేండ్లకొకసారి ముగించెడివారు. బబులోను దేశపు యూదులు ఏటేట ముగించెడివారు. కాలక్రమమున బబులోనువారి పద్ధతియే లోకమున వ్యాపించెను.

ఈ యాచారమునకు మూలము నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున కనబడుచున్నది. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున, చెఱనుండి తిరిగివచ్చిన జనులు యెరూషలేములో నీటి గుమ్మము నెదుట కూడుకొనిరి. శాస్త్రియైన ఎజ్రా కఱ్ఱతో చేసిన పీఠముపై నిలిచి ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వఱకు ధర్మశాస్త్రమును చదివెను. పురుషులును, స్త్రీలును, గ్రహింపగల వారందఱును వినిరి. లేవీయులు దాని యర్థమును జనులకు తెలియజెప్పిరి. విన్నవారు తమ లోపములు తలంపునకు వచ్చి మొదట ఏడ్చిరి. అయితే పెద్దలు వారి నోదార్చి, అది దుఃఖదినము కాదనియు, ఇండ్లకు పోయి మంచి భోజనము చేయవలెననియు, ఏమియు లేనివారికి అందులో పాలు పంపవలెననియు చెప్పిరి. జనులు పోయి మిక్కిలి సంతోషించిరి. ఆ సంతోషమునకు కారణము కూడ అచ్చటనే చెప్పబడియున్నది: తాము విన్న మాటలు తమకు బోధపడెను. వర్షము పడినందుకు గాని, పంట చేతికి వచ్చినందుకు గాని పండుగ చేసికొనుట లోకమున కలదు. మాట బోధపడినందుకు జనమంతయు పండుగ చేసికొన్న దినమిది.

తరువాతి కాలమున హెబ్రీ భాష సామాన్యులకు దూరమయ్యెను. అప్పుడు చదువరి ప్రక్కను ఒక దుబాసి నిలిచి, వచనము వెంట వచనముగా, వాడుకభాషయైన అరామికములో దాని యర్థము చెప్పెడి పద్ధతి యేర్పడెను. అర్థము కాని పఠనమును పఠనముగా ఎంచకపోవుట యీ సంప్రదాయమునకు మొదటినుండియు స్వభావము.

విశ్రాంతిదినమున ఉదయము, సాయంకాలము మాత్రమే కాక, సోమవారమునను గురువారమునను కూడ కొంచెము కొంచెము చదువుదురు. పూర్వము ఆ రెండు దినములును పల్లెవారు అంగడి పనులకును, న్యాయస్థానములకును పట్టణములు చేరెడి దినములు. సరకు కొఱకు వచ్చినవాడు మంచి మాట కూడ విని పోవలెనని పెద్దల తలంపు. ఈ నియమమునకు పండితులు మఱియొక కారణమును చెప్పుదురు. ఇశ్రాయేలీయులు ఎఱ్ఱసముద్రము దాటిన పిమ్మట అరణ్యములో మూడు దినములు నీరు లేక నడచి అలసిరని నిర్గమకాండము చెప్పుచున్నది. నీరనగా ధర్మశాస్త్రమనియు, దానిని వినక మూడు దినములు గడపరాదనియు ఆ పండితుల వ్యాఖ్యానము. ఏటిలో నీటికంటె ఇసుకను ఎక్కువగా చూచెడి పెన్నేటి సీమవారికి, అందును రొద్దమువంటి యూళ్లవారికి, ఈ పోలికను ఎవరును విప్పి చెప్ప నక్కఱలేదు.

సభలో చదువునది అచ్చుపుస్తకము కాదు; తోలుపై చేతితో వ్రాసిన గ్రంథపు చుట్ట. తినదగినవని ధర్మశాస్త్రము చెప్పిన జంతువుల తోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగలాగి ఆరబెట్టి, పలకలు పలకలుగా కుట్టి, దానిపై లేఖకుడు ఈకకలముతో వ్రాయును. ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయువారు తోలును శుభ్రపఱచి పలుచగా చేయుట చూచిన విద్యార్థులకు ఈ పని కొంత యూహకు అందును. చుట్టలోని యక్షరములు 3,04,805 అని సంప్రదాయపు లెక్క. ఒక్క యక్షరము చెడినను, దిద్దువఱకు ఆ చుట్టను సభలో వాడరు.

ఈ చుట్టలో గుణింతపు గుఱుతులు లేవు. స్వరముల గుఱుతులును లేవు. తెలుగులో గుణింతపు గుఱుతులన్నియు తీసివేసి 'క ల' యని మాత్రము వ్రాసినయెడల, అది కలయో, కాలో, కీలో, కోలయో చదువరియే ఎఱిగియుండవలెను. అందుచేత విశ్రాంతిదినమున చదువవలసినవాడు వారమంతయు సిద్ధపడును. చిన్న చేయి ఆకారము గల కడ్డీతో పంక్తులను చూపుచు చదువును. తప్పు దొరలినయెడల ప్రక్కనున్నవారు వెంటనే సరిదిద్దుదురు. చదువరి మరల ఆ మాటను సరిగా పలికి ముందునకు సాగును. ఆదివారపు ఆరాధనలో పాఠము చదువుటకు లేచు మన బాలబాలికలు, చదువు ముందుగా చూచుకొనక, పేళ్లదగ్గఱ తడబడుట యున్నది. వారికి ఈ సిద్ధపాటు మంచి మాదిరి.

విశ్రాంతిదినపు ఉదయమున భాగమును ఏడు ఖండములుగా చేసి ఏడుగురిని పేరు పెట్టి పిలుతురు. పూర్వము పిలువబడినవాడే చదివెడివాడు. ఇప్పుడు అనేక స్థలములలో సిద్ధపడిన చదువరి చదువగా, పిలువబడినవాడు ప్రక్క నిలిచి ముందును వెనుకను స్తుతివాక్యము పలుకును. పదమూడేండ్లు నిండిన బాలుడు ఈ పిలుపునకు అర్హుడగును. కొన్ని సమాజములలో స్త్రీలును పిలువబడుచున్నారు. తరువాత ప్రవక్తల గ్రంథములనుండి ఆ భాగమునకు తగిన పాఠము చదువబడును. క్రొత్త నిబంధన చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. నజరేతు సమాజమందిరములో యేసు యెషయా గ్రంథపు చుట్టను విప్పి చదివినది ఇట్టి విశ్రాంతిదినముననే. పిసిదియలోని అంతియొకయలో ధర్మశాస్త్రమును ప్రవక్తల లేఖనములును చదివిన పిమ్మటనే పౌలును మాటలాడుమని అధికారులు అడిగిరి.

ఇక నానందమును గూర్చి విచారింతము. ఇందులకు మొదటి కారణము తోడు కలిగియుండుట. ఒక వారమున లండనులో చదువబడు భాగమే సాధారణముగా న్యూయార్కులోను, యెరూషలేములోను చదువబడును. దూరదేశమున నున్న కుమారుడు తన తండ్రి ఆ వారము ఏమి చదువుచున్నాడో ఎఱుగును. మన సీమనుండి బెంగళూరునకు పనికై పోయిన పిల్లలును, ఊరిలో నున్న తలిదండ్రులును వారమునకొకసారి ఫోనులో మాటలాడుకొందురు. ఆరోగ్యము, రూపాయలు, వాన, ఈ మూడింటితో మాటలు ముగియును. ఇరువురును ఒకే కథను చదివియున్నయెడల నాలుగవ మాటకు చోటు కలుగును.

రెండవ కారణము, చదువరి తనకు ఇష్టమైనదానినే ఏఱుకొనుటకు వీలు లేకుండుట. అందఱును యోసేపు కథను కోరుదురు. సంఖ్యాకాండములోని పట్టికలను ఎవరును కోరరు. కాని వంతు వచ్చినప్పుడు అదియు చదువవలసినదే. 'నాసో' భాగము చివర పండ్రెండు గోత్రముల ప్రధానులు పండ్రెండు దినములు తెచ్చిన కానుకలు వర్ణింపబడినవి. పండ్రెండుగురు తెచ్చినది ఒక్కటే. అయినను గ్రంథము తక్కినవారును అట్లే తెచ్చిరని ఒక్క మాటతో విడువక, పండ్రెండు మాఱులును ఆ కానుకలను పూర్తిగా చెప్పుచున్నది. త్వరపడి చదువువానికి ఇది విసుగు. అయితే తరగతిలో హాజరుపట్టీ చదువుటను తలంచుడు. పరులకు అది పేళ్ల వరుస. అందులో తన పేరున్న బాలునికి తన పేరు విడువబడుట చిన్న సంగతి కాదు. ప్రక్కవాడు తెచ్చినదే తానును తెచ్చినను, తన కానుక తన పేరిట లెక్కింపబడవలెనని ప్రతివాడును కోరును. మనము దాటిపోవు పుటలలోనే ఇట్టి సంగతులు దాగియుండును.

మూడవ కారణము అన్నిటికంటె ముఖ్యమైనది. దానిని ఆదికాండము 26వ అధ్యాయములోని ఇస్సాకు కథనుబట్టి చెప్పవచ్చును. అబ్రాహాము కాలమున త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివైచిరి. ఇస్సాకు వచ్చి వానిని మరల త్రవ్వించి, తన తండ్రి పెట్టిన పేళ్లనే వానికి పెట్టెను. తరువాత అతని పనివారు క్రొత్త బావి త్రవ్వగా నీళ్లు పడినవి; గెరారు కాపరులు తగవులాడిరి. దానికి ఏశెకు అని పేరు పెట్టి మఱియొకటి త్రవ్విరి. దానికిని తగవే వచ్చెను. దానికి శిత్నా అని పేరు పెట్టి ముందునకు సాగిరి. మూడవ బావికి తగవు లేదు. దానికి చోటు గలదను భావముతో రహెబోతు అని పేరు పెట్టెను. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రము కురియు మన ప్రాంతమున, వందల యడుగులు బోరు వేసి నీరు పడక అప్పుల పాలైన రైతులున్న మన పల్లెలలో, గట్టు తగవులును నీటి తగవులును ఎఱుగని యిల్లు లేదు. ఈ కథను పదేండ్ల బాలుడు బావి కథగా చదువును. ఇరువదేండ్లవాడు, తగవు వచ్చినచోట పోరాడక వేఱొకచోట త్రవ్విన ఓర్పును చూచును. నలువదేండ్లవాడు, తండ్రి బావిని పూడనిచ్చినవాడు ఎవడని తన్ను తాను అడుగుకొనును. కథ మాఱలేదు, చదువువాడు మాఱెను. ప్రతి సంవత్సరము అదే భాగమునకు తిరిగి వచ్చువాడు, క్రిందటి సంవత్సరమునకును ఇప్పటికిని తనలో కలిగిన భేదమును అందులో చూచుకొనగలడు. అందుచేత ఏటేట చదువుట యనగా పూడిన బావిని మరల త్రవ్వుట. శ్రమ ప్రతి మాఱును ఉన్నది. నీరును ప్రతి మాఱును ఉన్నది.

పాత గ్రంథమున క్రొత్త ప్రశ్న కనబడుటకు మఱియొక దృష్టాంతము. సంఖ్యాకాండము 27వ అధ్యాయమున సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనువారు, మోషే యెదుట నిలిచి, తమ తండ్రికి కుమారులు లేనందున ఆయన పేరు అంతరింపనేల, ఆయన స్వాస్థ్యము తమకు ఏల ఈయరాదని యడిగిరి. మోషే వారి మాటను దేవుని సన్నిధికి తీసికొనిపోగా, వారు చెప్పినది న్యాయమేనని తీర్పు వచ్చెను. ఆంధ్రప్రదేశమున హిందూ కుటుంబపు ఉమ్మడి యాస్తిలో కుమార్తెలకు కుమారులతో సమముగా హక్కు కల్పించిన చట్టసవరణ 1985వ సంవత్సరమునుండి అమలులోనికి వచ్చెను. దేశమంతటికిని అట్టి సవరణ 2005లో వచ్చెను. హక్కు చట్టములో నుండుట వేఱు, నోరు విప్పి యడుగుట వేఱు. ఈ భాగము ఏటేట చదువబడుటచేత, అడిగిన ఆడుబిడ్డల పేళ్లు ఏటేట సభలో వినబడుచున్నవి. మన తరగతులలోని బాలికలు ఆ పేళ్లను ఎఱిగియుండుట మేలు.

సంవత్సరాంతమున, పర్ణశాలల పండుగ ముగిసినప్పుడు, సామాన్యముగా మన ఆశ్వయుజమాసపు దినములలో, 'సిమ్హత్ తోరా' యను ఉత్సవము వచ్చును. ధర్మశాస్త్రానందమని దాని యర్థము. ఆ దినమున ద్వితీయోపదేశకాండపు చివరి భాగము, అనగా మోషే మరణము, చదివి, ఆ సభలోనే ఆదికాండపు మొదటి మాటలను మొదలుపెట్టుదురు. గ్రంథపు చుట్టలను బిడ్డలవలె ఎత్తుకొని పాడుచు ప్రదక్షిణము చేయుదురు. పసిపిల్లలును ఆ యూరేగింపులో నడతురు. మన దక్షిణదేశమందలి కొచ్చిలో, 1568లో కట్టబడిన మట్టంచేరి పరదేశి సమాజమందిరము నేటికిని నిలిచియున్నది. కొచ్చి యూదులు ఈ పండుగను మిక్కిలి వైభవముగా జరిపెడివారు; చుట్టలను మందిరము వెలుపలికి తెచ్చి దాని చుట్టు తిరుగుట వారి ప్రత్యేకాచారము. 1950లనుండి వారిలో ఎక్కువమంది ఇశ్రాయేలు దేశమునకు తరలిపోయిరి.

తెలుగుదేశమున కూడ ఈ పఠనముతో సంబంధము గల యొక చిన్న సమాజము కలదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గఱ కొత్తరెడ్డిపాలెమున, తమ్ము ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొను తెలుగువారు కొన్ని కుటుంబములుగా నున్నారు. వీరు 1980ల చివరనుండి బహిరంగముగా యూదమతాచారములను అవలంబించి, విశ్రాంతిదినమును పండుగలను ఆచరించుచు, ప్రార్థనామందిరము కట్టుకొని, హెబ్రీ నేర్చుకొనుచు వచ్చిరి. వీరిని గూర్చి యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. వీరి వంశకథ పెద్దలనుండి వచ్చిన సంప్రదాయము; దానిపై తీర్పు చెప్పుట యీ వ్యాసపు పని కాదు. గమనింపవలసినది వేఱొకటి. వీరిలో ఎక్కువమంది మాదిగ కుటుంబములనుండి వచ్చినవారు. ముందు క్రైస్తవ సంఘములలో నుండినవారు. వీరి పూర్వులు తోలుపని చేసినందుకు ఊరి వెలుపల నుంచబడిరి. అక్షరము వారికి దూరముగా నుంచబడెను. అట్టి వారి సంతతి ఆశ్రయించిన గ్రంథము తోలుపైననే వ్రాయబడు గ్రంథము. ఏ పనిని ఊరు హీనమని త్రోసివైచెనో, ఆ పనిచేతనే దైవవాక్కునకు ఆధారము సిద్ధమగుచున్నది. ఈ సంగతి ఎఱిగినవాడు తోలుపనిని తక్కువగా చూడజాలడు. ఏ చేతిపనిని అయినను తక్కువగా చూడజాలడు.

తెలుగు క్రైస్తవులకును ఇట్టి కథయే కలదు. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణమున స్థిరపడి తెలుగు భాషాంతరమునకు పూనుకొనిరి. శ్రీరాంపురమున 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు, పిమ్మట మోషే ఐదు కాండములును అచ్చుపడెను. ఎజ్రా నాటి లేవీయులు చేసిన పనియే, అరామిక దుబాసి చేసిన పనియే, తెలుగున మరల జరిగెను. పఠనమునకు ఎన్నడును పిలువబడని యిండ్లలో పేరు పెట్టి పిలువబడిన మొదటి చదువరులు అప్పుడు పుట్టిరి. వారి మనుమలును మునిమనుమలును నేడు మన తరగతులలో కూర్చున్నారు. చదువవచ్చునను హక్కు ఎంత కష్టముతో వచ్చెనో మఱచినవారికే చదువు విసుగుగా తోచును.

కాబట్టి విద్యార్థులారా, ఈ పద్ధతిలో మనము గ్రహింపదగినది కొంత కలదు. యూదుల పండితులు గృహస్థునికి ఒక నియమము పెట్టిరి: వారపు భాగమును మూలములో రెండు మాఱులు, భాషాంతరములో ఒక మాఱు చదువవలెను. మీరు దానిని ఇట్లు మార్చుకొనవచ్చును. వారమునకొక భాగము చొప్పున ఏర్పఱచుకొనుడు. దానిని రెండు మాఱులు బిగ్గఱగా చదువుడు. మూడవ మాఱు పుస్తకము మూసి ఇంటిలో ఒకరికి మీ సొంత మాటలలో చెప్పుడు. చదువురాని అవ్వకు చెప్పగలిగితిరేని మీకు బోధపడినట్లే. బోధపడనిచోట గుఱుతు పెట్టుకొని ఒక ప్రశ్న వ్రాసికొనుడు. వచ్చు సంవత్సరము అచ్చటికి తిరిగి వచ్చినప్పుడు ఆ ప్రశ్న యింకను ఉన్నదో లేదో చూడుడు. కష్టమైన భాగమును దాటవైవకుడు. ఒంటరిగా చదువక ఒకరినైనను తోడు చేసికొనుడు.

ఈ నియమము బైబిలునకే చెందినది కాదు. కఱవు సంవత్సరములలో వాన కొఱకు విరాటపర్వము చదివించిన పల్లెలు మనవి. కూడి వినుట మన పెద్దలకు తెలిసిన విద్యయే. ఏ మతమువారైనను తమ యింటిలోని మంచి గ్రంథమును ఇట్లే వారమువారము విప్పవచ్చును. యూదులు ఒక్కొక్క కాండము ముగిసినప్పుడు లేచి నిలిచి, ఒకరినొకరు బలపఱచుకొందమను అర్థము గల మాటలను కలిసి పలుకుదురు. పరీక్ష ముగియగానే పుస్తకములను అమ్మివైచెడి యాచారము మనలో కలదు. ఈ సంవత్సరము ఒక్క పుస్తకమునైనను అమ్మక ఉంచుకొని, మొదటి పుటను మరల తెఱువుడు.